పప్పు ఉడకని నీళ్లు: మెషిన్ కొనే ముందు

ప్రశ్న: నమస్కారమండీ. ఎనిమిది నెలల కిందట బాచుపల్లి దగ్గర కొనుక్కున్న ఫ్లాటులోకి వచ్చాం. అయిదో అంతస్తు, దానిపైన ఇక డాబాయే. తాగడానికి ఆర్వో పెట్టుకున్నాం, మిగతా వాడకమంతా బోరు నీళ్లే. కుళాయిల చుట్టూ తెల్లగా గార కడుతోంది. షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయాయి. కొత్త గీజరు వేస్తే లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు. కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోంది. అన్నిటికంటే బెంగ మా అమ్మాయిది. ఇంటర్ చదువుతోంది, దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్లతో వస్తోంది. వానాకాలంలో పదిరోజులు విషజ్వరంతో పడి లేచింది, అప్పుడు కూడా జుట్టు బాగానే ఉంది. ఈమధ్య ఒక కంపెనీ అబ్బాయి వచ్చి మీటరు ముంచి టీడీఎస్ 1,100 అన్నాడు. మా కుళాయి నీళ్ల గ్లాసులో రెండు కడ్డీలు పెట్టి కరెంటిస్తే నిమిషంలో తుప్పురంగు మడ్డి తేలింది. ఆర్వో నీళ్లలో ఏమీ రాలేదు. రూ.48,000 పెట్టి సాఫ్ట్‌నర్ వేయించుకుంటే జుట్టు, చర్మం, కిడ్నీలో రాళ్ల భయం అన్నీ పోతాయంటాడు. మావారు నెలసరి వాయిదాల మీద కొనేద్దామంటున్నారు. మా అత్తగారిది కోనసీమ. ట్యాంకులో పటిక తిప్పితే చాలంటారు ఆవిడ. ఎవరి మాట వినాలి?
— ఒక గృహిణి, బాచుపల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ గ్లాసు సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో భయం మొదలైంది అక్కడే. ఆ మడ్డి మీ నీళ్లలోది కాదు. ఆ కడ్డీల్లో ఇనుము ఉంటుంది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, పారినకొద్దీ ఆ ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ కనుక కరెంటు పెద్దగా పారదు, మడ్డి రాదు. మళ్లీ వస్తే ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు వంట ఉప్పు వేసి కడ్డీలు పెట్టమనండి. అదీ ఎర్రబడుతుంది. ఈ ప్రదర్శన చూసి ఇల్లిల్లూ భయపడి డబ్బు కట్టడం ఏళ్ల తరబడి చూస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఆ 1,100 అంకె. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతో చెప్పే లెక్క. అందులో మీ గీజరును పాడుచేసేవీ, పప్పును ఉడకనివ్వనివీ కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. ఆ రెండూ ఎంతున్నాయో చెప్పేదాన్ని టోటల్ హార్డ్‌నెస్, అంటే నీళ్ల గట్టితనం అంటారు. అది ఆ మీటరులో కనిపించదు. ఒకే టీడీఎస్ ఉన్న రెండు బోర్లలో ఒకటి ఉప్పగా ఉండి సబ్బు బాగానే నురగ రావచ్చు, రెండోది రుచికి బాగానే ఉండి సబ్బును విరిచేయవచ్చు. ఇంకో మాట ఆ అబ్బాయి చెప్పి ఉండడు: సాఫ్ట్‌నర్ పెట్టాక కూడా టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది, అంతే. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది ఆ పై అంచుకు దగ్గరగా ఉన్నట్టు నా ఊహ. కానీ ఊహ మీద 48,000 పెట్టకూడదు.

కాబట్టి మొదటి పని పరీక్ష. కాసేపు కుళాయి వదిలి, శుభ్రమైన సీసాలో లీటరు నీళ్లు పట్టి గుర్తింపు ఉన్న ల్యాబులో ఇవ్వండి. టోటల్ హార్డ్‌నెస్, ఐరన్, ఫ్లోరైడ్, నైట్రేట్ అడగండి. హార్డ్‌నెస్ ఒక్కటే చూసుకోవాలంటే చుక్కల కిట్టు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. రంగు వేయగానే నీళ్లు ద్రాక్షరంగుకు మారతాయి. రెండో మందు చుక్క చుక్క వేస్తుంటే ఒకచోట నీలంగా తిరుగుతాయి. అప్పటికి ఎన్ని చుక్కలు పడ్డాయో దాన్నిబట్టి లెక్క. నీళ్లు బోరువా, ట్యాంకరువా అన్నది రాసిపెట్టుకోండి, ఎందుకంటే ట్యాంకరు ఏ బోరు నుంచి వచ్చిందో ఆ బోరు గుణమే మీ సంపులో ఉంటుంది. నడివేసవిలో ఒకసారి, మంచి వానలు పడ్డాక ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది.

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాదు వదిలిపోరని సామెత. 1920లో కట్టిన ఆ చెరువు నీళ్లు వాననీళ్లు, మెత్తనివి. మీ బోరు నీళ్లదీ వాన పుట్టుకే, కాకపోతే అవి నేలలోకి దిగేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ పులుపుతో రాతి సందుల్లో ఏళ్ల తరబడి తిరుగుతూ రాతిలోని కాల్షియాన్ని కరిగించుకుంటాయి. పల్నాడులో పిడుగురాళ్ల వైపు, ఇటు తాండూరు వైపు నేల కిందంతా సున్నపురాయే కనుక అక్కడివాళ్లకు ఈ బాధ తాతల నాటిది. మీ అత్తగారు గోదారి కాలవ నీళ్లలో పెరిగారు. కాలవ నీళ్లలో బురద ఉంటుంది, పటిక తిప్పితే ఆ బురద గడ్డకట్టి కిందికి దిగిపోతుంది. అక్కడ ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మీ బోరు నీళ్లలో ఉన్నది కరిగిపోయిన కాల్షియం. అది పటికకు లొంగదు. ఈ తేడా ఆవిడకు నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

పప్పు విషయం ఇవాళే తేలిపోతుంది. కందిగింజ గోడల్లో పెక్టిన్ అని జిగురుపదార్థం ఉంటుంది. అది కరిగితేనే పప్పు మెదుగుతుంది. నీళ్లలోని కాల్షియం దాన్ని పట్టుకుని బిగించేస్తుంది. అందుకే ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పోదు. పప్పు కడగడానికి కుళాయి నీళ్లు వాడండి, నానబెట్టడానికీ ఉడికించడానికీ మాత్రం ఆర్వో నీళ్లు పోయండి. అరగంట నాని మూడు విజిల్స్‌కే వెన్నలా అవుతుంది. ఉప్పు, చింతపండు, టమాటా ఉడికాకే. పులుపు కూడా పప్పును బిగిస్తుంది. వంట సోడా వేస్తే ఉడుకుతుంది, నిజమే, కానీ పప్పులో ఉన్న బి1 విటమిన్ పోతుంది, రుచీ మారుతుంది. రోజూ వేయాల్సిన వస్తువు కాదది. టీ మీద తేలే మీగడలాంటి పొర కూడా ఈ నీళ్ల పనే, ఆర్వో నీళ్లతో కాస్తే ఉండదు. కుక్కర్ అడుగున గిన్నెల కింద పోసే నీళ్లలో పిండేసిన నిమ్మచెక్క ఒకటి వేయడం మా అమ్మకు అలవాటు. గార పట్టకుండా అదే కాపాడుతుంది.

మీ అమ్మాయి సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: వానాకాలంలో పదిరోజుల జ్వరం. పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా గుప్పెళ్లతో రాలడం చాలామందిలో జరిగేదే. జ్వరమప్పుడు బాగానే ఉందన్నారు చూడండి, దానికి అర్థం ఇదే కావచ్చు. చాలావరకు కొన్ని నెలల్లో తనంతట తానే తిరిగి వస్తుంది. అయినా ఆ వయసు ఆడపిల్లకు ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించి చర్మవైద్యులను కలవండి. నీళ్ల మీద నింద వేసి కూర్చుంటే ఒంట్లో రక్తం తక్కువైన సంగతి కనిపించకుండా పోతుంది. నా భయమంతా అదే. గట్టి నీళ్లు జుట్టును బరుసెక్కిస్తాయి, చిక్కులు పెడతాయి, చివర్లు తెగేలా చేస్తాయి. కుదుళ్లతో ఊడదీస్తాయనడానికి మాత్రం నిలబడే రుజువు లేదు.

బరుసుకు మన ఇళ్లలోనే మంచి మందుంది, కుంకుడుకాయ. సబ్బు గట్టి నీళ్లలో కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది, ఆ తెట్టే జుట్టుకు అంటుకుంటుంది. కుంకుడు నురగ సబ్బు కాదు, సపోనిన్ అనే వేరే పదార్థం, కాల్షియం తగిలినా విరగదు. కాయలు కొట్టి వేడినీళ్లలో నానబెట్టి రసం తీసి వడగట్టి పోయండి, కంట్లో పడకుండా చూసుకోమనండి. చదువుల హడావిడిలో అంత తీరిక లేకపోతే షాంపూనే వాడనివ్వండి, అది కూడా సబ్బులా విరగదు. ఏది వాడినా చివర్లో రెండు చెంబుల ఆర్వో నీళ్లో, పట్టిపెట్టిన వాననీళ్లో తలమీంచి పోసుకుంటే చాలు, తేడా ఆ పూటే తెలుస్తుంది.

చర్మం గురించి ఆ అబ్బాయి ఇచ్చిన హామీకి కూడా ఆధారం లేదు. బ్రిటన్‌లో ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి ఉన్న 336 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. సాఫ్ట్‌నర్ పెట్టిన ఇళ్లలో పిల్లలకు మామూలు వైద్యంతో వచ్చినదానికంటే ఎక్కువ మేలేమీ కనిపించలేదు. కిడ్నీ రాళ్ల విషయంలో గట్టి నీళ్లకంటే నీళ్లు తక్కువ తాగడమే పెద్ద దోషం. అదీగాక మీరు తాగేది ఆర్వో నీళ్లు కదా! స్నానపు గదిలో పెట్టే మెషిన్‌కూ కిడ్నీకీ సంబంధమేమిటని అడగండి.

గీజరు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఈ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ అనే ఉప్పు వేడి తగలగానే విరిగి సున్నపురాయిగా మారుతుంది, నేరుగా కాయిల్ మీదే పేరుకుంటుంది. మీరు వింటున్న గులకరాళ్ల చప్పుడు దానిదే. గార పొర వేడిని నీళ్లకు అందనివ్వదు, దాంతో కరెంటు బిల్లు పెరిగి కాయిల్ కాలిపోతుంది. వేడి పెంచినకొద్దీ గార ఎక్కువ, కాబట్టి థర్మోస్టాట్ 50 నుంచి 55 డిగ్రీల మధ్య పెట్టండి. 75లో పెట్టి బకెట్టులో చన్నీళ్లు కలుపుకోవడం గార కొనుక్కోవడమే. ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి కాయిల్ శుభ్రం చేయించండి. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయేది. అది అరిగిపోతే మార్పించండి. శుభ్రం చేయడానికి నిమ్మ ఉప్పు చాలు. బాత్రూం యాసిడ్ పోయనివ్వకండి. మా ఇంట్లో ఒక మెకానిక్ నేను వంటగదిలో ఉండగా పోసేశాడు. గార పోయింది, ఆరు వారాలకు ట్యాంకు కారడం మొదలైంది. అప్పటి నుంచి పక్కనే నిలబడి చేయిస్తున్నాను.

కుళాయిల గారకు కూడా ఆ నిమ్మ ఉప్పే. పచారీ కొట్లో దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లు లీటరులో రెండు మూడు చెంచాలు కలిపి, పాత గుడ్డ ముంచి కుళాయికి చుట్టి అరగంట ఉంచి తోమండి. షవర్ తలను విప్పి ఆ నీళ్లలో గంటసేపు నాననిచ్చి, రంధ్రాలు టూత్‌బ్రష్‌తో రుద్దితే ధార మళ్లీ నిటారుగా వస్తుంది. మార్బుల్ గచ్చు మీద మాత్రం నిమ్మ ఉప్పు, వెనిగర్ చుక్క కూడా పడకూడదు. మార్బుల్ కూడా సున్నపు జాతే, గారతోపాటు గచ్చూ కరిగి మెరుపు పోతుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎట్టి పరిస్థితిలో కలపవద్దు. విషవాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. అసలు నీటిచుక్క ఆరిన చోటే గార కడుతుంది కాబట్టి, స్నానమయ్యాక కుళాయినీ అద్దాన్నీ పొడిగుడ్డతో ఒక తుడుపు తుడిస్తే వారానికోసారి రుద్దే పని తప్పుతుంది.

బట్టలకు సబ్బు బిళ్ల మానేసి పౌడరో లిక్విడో వాడండి. తెల్లబట్టలు, దుప్పట్లు నానబెట్టేటప్పుడు ఒక చెంచా చాకలి సోడా ముందుగా నీళ్లలో కలిపితే కాల్షియం విడిపోయి అడుక్కి దిగుతుంది, సబ్బు పొడి ఆదా అవుతుంది. చాకళ్లు చౌడు మట్టి వాడింది ఇందుకే. పట్టుచీరలకు, ఉన్నికి సోడా తగలనివ్వకండి. వాటికి కుంకుడు రసం, ఆర్వో నీళ్లు. ఇన్వర్టర్ బ్యాటరీకి ఆర్వో నీళ్లు కూడా పనికిరావు, డిస్టిల్డ్ వాటరే పోయాలి. మాట వచ్చింది గనుక చెబుతున్నాను.

ఇప్పుడు మెషిన్. సాఫ్ట్‌నర్ మోసం కాదు, మంచి పరికరం. గీజర్లకు, వాషింగ్ మెషిన్‌కు, స్నానానికి దాని సుఖం దానిదే. మీకు చెప్పనివి మాత్రం చాలా ఉన్నాయి. నలుగురికి మనిషికి 135 లీటర్ల చొప్పున రోజుకు 540 లీటర్లు అనుకోండి. హార్డ్‌నెస్ 600 ఉంటే మెషిన్ రోజూ దాదాపు 325 గ్రాముల గట్టితనం తీయాలి. లోపల ఉండే రెజిన్, అంటే గట్టితనాన్ని పట్టుకునే సన్నటి పూసలు, లీటరుకు సుమారు 50 గ్రాములు పట్టుకోగలదు. అంటే 25 లీటర్ల రెజిన్ ఉన్న మెషిన్ నాలుగు రోజులు కూడా నిండకుండా అలసిపోతుంది, ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ లేస్తుంది. కడిగిన ప్రతిసారీ మూడు కిలోల దాకా ఉప్పు, వందకు పైగా లీటర్ల నీళ్లు డ్రైనేజీలోకి. నెలకు పాతిక కిలోల ఉప్పు సంచి మోసుకురావాలి, అదీ శుభ్రమైన ఉప్పే కావాలి. మట్టి ఉన్న కల్లుప్పు రెజిన్‌ను పాడుచేస్తుంది. అందుకే మొదట అడగాల్సిన ప్రశ్న ధర కాదు, రెజిన్ ఎన్ని లీటర్లు అన్నది. పది లీటర్లే అంటే రోజున్నరకోసారి కడగాలి. రెండో ప్రశ్న, నీళ్లలో ఐరన్ ఉంటే దానికి ముందు ఫిల్టరు ఎవరిస్తారని. ఇనుము రెజిన్‌కు పొరలా పట్టేస్తుంది.

మూడోది మీ ఒక్కరి ఇంటికే సంబంధించినది. నీళ్ల ట్యాంకు మీ కుళాయికంటే పది మీటర్లు ఎత్తున ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మీది పైఅంతస్తు, ట్యాంకు మీ నెత్తిమీదే, నాలుగైదు మీటర్లకు మించి ఎత్తుండదు. అంటే అర బార్ కూడా ఉండదు. ఈ మెషిన్లు సరిగ్గా పనిచేయడానికి సాధారణంగా ఒకటిన్నర, రెండు బార్లు కావాలి. ప్రెషర్ పంపు వేరే కొనాలి. ఆ ఖర్చు 48,000లో ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. కింది అంతస్తు వాళ్ల ఇంట్లో బాగా పనిచేస్తోందని చూపించినా అది మీకు రుజువు కాదు.

తప్పనిసరిగా పెట్టుకోవాల్సి వస్తే స్నానపు గదులకు, వాషింగ్ మెషిన్‌కు మాత్రమే గొట్టం కలపండి, ఫ్లష్‌కు వద్దు. ఆ నీళ్లు నేరుగా తాగకండి. 600 హార్డ్‌నెస్‌ను మార్చిన లీటరు నీళ్లలో సుమారు 276 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది. మూడు లీటర్లు తాగితే రోజంతటికీ పెద్దలకు చెప్పే 2 గ్రాముల పరిమితిలో అయిదింట రెండు వంతులు అక్కడే పోతాయి. మీ అత్తగారికి బీపీ ఉందేమో మీరు రాయలేదు. ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆర్వో గుండా వస్తే ఇబ్బంది లేదు. మొక్కలకూ ఆ నీళ్లు పోయవద్దు. కడిగిన ఉప్పునీళ్లను ఇంకుడుగుంతలోకి అసలే వదలవద్దు, రేపు అదే మీ బోరులోకి వస్తుంది.

కుళాయికి తగిలించే చిన్న సాఫ్ట్‌నర్ ఫిల్టర్లు చాలామంది కొంటుంటారు. అందులో పావు లీటరు రెజిన్ కూడా పట్టదు. 200 మిల్లీలీటర్లు ఉందనుకున్నా పది గ్రాముల గట్టితనం పట్టి ఊరుకుంటుంది. మీ నీళ్లలో అయితే ఒక్క బకెట్టు! గొట్టానికి బిగించే అయస్కాంతాలు కాల్షియాన్ని తీసేయవు, గార ఆగుతుందన్న మాటకూ నమ్మదగ్గ రుజువు లేదు. వాటి మీద రూపాయి పెట్టవద్దు.

నన్నడిగితే డబ్బు, ఓపిక పెట్టాల్సింది ఇంకోచోట. మీ అపార్ట్‌మెంటుకు మంజీరా నది నీళ్ల కనెక్షన్ ఉందో లేదో, ఉంటే ఆ నీళ్లు బోరు నీళ్లతో ఒకే సంపులో కలిసిపోతున్నాయేమో కనుక్కోండి. చాలాచోట్ల అలాగే కలిపేసి మంచినీళ్లను పాడుచేసుకుంటున్నారు. వేరే సంపు, వంటగదులకు వేరే గొట్టం వేయించుకోమని సంఘం మీటింగులో పట్టుబట్టండి. డాబా మీది వాననీళ్లు ఇంకుడుగుంతలోకి పోతున్నాయా, మురుగు కాలవలోకా అన్నదీ అడగండి. ఇంకుడుగుంత మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఏర్పాటు. ఇంకిన వాన బోరు నీటిని పలచన చేస్తుంది, ఒక్క ఏడాదిలో కాకపోయినా. డాబా మీ నెత్తినే ఉంది కనుక, మొదటి వాన మట్టిని కడిగేశాక రెండో వాన నుంచి ఒక డ్రమ్ము నింపి మూతపెట్టుకోండి. ఆ నీళ్లకు మించిన మెత్తని నీళ్లు ఏ మెషిన్ ఇవ్వదు.

అప్పటిదాకా ఆ అబ్బాయికి అడ్వాన్సు ఇవ్వకండి. ల్యాబు కాగితం రాగానే హార్డ్‌నెస్, ఐరన్ అంకెలతో మళ్లీ రాయండి. హార్డ్‌నెస్ 300 లోపు ఉంటే మెషిన్ వద్దనే చెబుతాను. అంతకు రెట్టింపు ఉంటే మీ ఇంటికి ఎన్ని లీటర్ల రెజిన్, ఎంత పంపు కావాలో లెక్క కట్టి పంపుతాను. అమ్మాయి రక్తపరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించండి.